బాబు చూసే గేమింగ్ వీడియోలను జల్లెడ పట్టేదెలా?

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు, పాపకి ఐదేళ్లు. బాబు బడి నుంచి రాగానే టాబ్లెట్ పట్టుకుని గేమింగ్ వీడియోలు పెట్టుకుంటాడు. తను ఆడేది తక్కువ, ఎవరో ఆడుతుంటే చూసేదే ఎక్కువ. మైన్‌క్రాఫ్ట్ అనే ఆటలో ఇళ్లు కట్టే ఒక యూట్యూబర్ అంటే ప్రాణం. అతను రాత్రిళ్లు లైవ్ కూడా పెడతాడు. అవి కాక, సూపర్ హీరోలు కార్లేసుకుని కొండల మీంచి దూకే వీడియోలు, నీలం రంగు బొచ్చు బొమ్మ ఒకటి మనుషుల్ని తరిమే వీడియోలు చూస్తాడు. మొన్న చెల్లెలితో ఆడుతూ ఓడిపోయి ఒక ఇంగ్లిష్ బూతుమాట అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే "అన్న అంటాడుగా" అన్నాడు. ఆ అన్న ఎవరో కాదు, ఆ యూట్యూబరే! ఈ మధ్య ఏదో "స్కిన్" కొనిపెట్టమని కూడా అడుగుతున్నాడు. మా ఆయనేమో "చూస్తున్నాడంతే కదా, ఆడట్లేదుగా, వదిలెయ్" అంటారు. నాకు ఈ ఆటల్లో ఒక్కటీ తెలీదు. పక్కన కూర్చుందామంటే ఒక్కో వీడియో నలభై నిమిషాలు, అన్నీ ఒకేలా ఉంటాయి, తలనొప్పి వస్తుంది. ఏవి చూడనివ్వాలి, ఏవి వద్దనాలి? అన్నట్టు, పాప ఈ మధ్య రాత్రిళ్లు ఒంటరిగా బాత్రూమ్‌కి వెళ్లనంటోంది. దానికీ వీటికీ ఏమైనా సంబంధం ఉందంటారా?
– ఒక అమ్మ

సమాధానం: మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది బూతుమాట దగ్గర కాదు, "అన్న" దగ్గర. తొమ్మిదేళ్ల పిల్లాడు రోజూ ఒక మనిషి మాటలు గంటల తరబడి వింటున్నాడు, అతన్ని అన్న అంటున్నాడు. పక్కింటి కుర్రాడెవరో మీ బాబుని రోజూ తన గదిలో అంతసేపు కూర్చోబెట్టుకుంటే మీరు ఊరుకుంటారా? ఆ గదిలో ఏ ఆటసామాన్లున్నాయో తర్వాత, ముందు ఆ కుర్రాడు ఎలాంటివాడో ఆరా తీస్తారు. ఎలా మాట్లాడతాడు, కోపమొస్తే ఏం చేస్తాడు, మావాణ్ని ఏమైనా అడుగుతున్నాడా అని చూస్తారు. గేమింగ్ వీడియోని తూచడానికీ అవే రాళ్లు. మీకు ఆటలు తెలియకపోతే ఏం, మనుషులు తెలుసు కదా. అది చాలు.

మీవారు అన్నదాంట్లో సగం నిజముంది. ఆడేటప్పుడు ముక్కూమొహం తెలియనివాళ్లు మైక్‌లో నేరుగా బాబుతో మాట్లాడొచ్చు, కార్డులోంచి డబ్బులు పోవచ్చు. చూసేటప్పుడు ఆ బెడద తక్కువ. చూడటంలో మంచీ లేకపోలేదు. ఒక కోటని ఎలా కట్టాలి, ఒక చిక్కుముడిని ఎలా విప్పాలి అని ఎదుటివాడు పైకి ఆలోచిస్తుంటే వినడం పిల్లలకి మంచి పాఠమే. మైన్‌క్రాఫ్ట్ వీడియోల వ్యూస్ అన్నీ కలిపి లక్ష కోట్లు దాటాయని 2021 డిసెంబరులో యూట్యూబే ప్రకటించింది. అంతమంది చూసేవన్నీ చెత్త అయ్యుండవు. కానీ ఆటలో లేనిది వీడియోలో ఒకటుంది, ఆ ఆడే మనిషి. మైన్‌క్రాఫ్ట్‌లో పంది బొమ్మ తిట్టదు. అన్న తిడతాడు.

ఆటల మీద వయసు ముద్రలుంటాయి కదా, వాటిని చూసుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. అమెరికాలో 1994 నుంచి ఈఎస్ఆర్‌బీ, యూరప్‌లో 2003 నుంచి పెగీ అనే సంస్థలు ఆ ముద్రలు వేస్తున్నాయి. మైన్‌క్రాఫ్ట్‌కి పెగీ 7 ఏళ్లు అంటుంది, ఈఎస్ఆర్‌బీ 10 ఏళ్లు అంటుంది. గ్రాండ్ థెఫ్ట్ ఆటో 5కి పెగీ 18, ఈఎస్ఆర్‌బీ 17. ఆట పేరు కనుక్కుని ఆ ముద్ర చూసుకోవడం రెండు నిమిషాల పని, చూసుకోండి. కానీ వాళ్లు చూసింది ఆటను. దాన్ని ఆడుతూ ఎవరో నోటికొచ్చింది మాట్లాడిన వీడియోను కాదు. ఆన్‌లైన్‌లో ఆటగాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే మాటలకు తమ రేటింగ్ వర్తించదని ఈఎస్ఆర్‌బీ ముందే చెప్పుకుంటుంది. అంచేత ఏడేళ్ల పిల్లల ఆట మీద పెద్దలు కూడా వినలేని వీడియో తయారవుతుంది. దీనికి తిరగబడ్డ సంగతి కూడా ఉంది. మీరు చెప్పిన సూపర్ హీరో కార్ల వీడియోలున్నాయే, అలాంటివి చాలావరకు ఆ పద్దెనిమిదేళ్ల గ్రాండ్ థెఫ్ట్ ఆటోలోనే చేస్తారు. మోడ్స్ అని, ఆటలోకి బయటి బొమ్మల్ని ఎక్కించే పద్ధతి ఒకటుంది. దాంతో పిల్లలకి తెలిసిన హీరోల్ని తెచ్చి కార్లలో కూర్చోబెట్టి పెద్ద పెద్ద ర్యాంపుల మీంచి దూకిస్తారు. ఆ ఒక్క వీడియోలో తప్పుపట్టడానికి ఏమీ ఉండకపోవచ్చు. చిక్కు దాని పక్కన వచ్చే వీడియోతో. అదే ఆట, అదే రంగుల బొమ్మ, ఈసారి తుపాకీ పట్టుకుని దారిన పోయేవాళ్లని కాలుస్తుంటుంది. పిల్లాడికి రెండూ ఒకటే వీడియో.

యూట్యూబ్‌లో కనిపించే "మేడ్ ఫర్ కిడ్స్" (పిల్లల కోసం చేసింది) అనే ముద్రను కూడా కళ్లు మూసుకుని నమ్మకండి. అది ఎందుకు పుట్టిందో తెలిస్తే ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది. పిల్లల సమాచారాన్ని పెద్దవాళ్ల అనుమతి లేకుండా సేకరించిందన్న ఆరోపణ మీద 2019లో అమెరికా ప్రభుత్వానికీ న్యూయార్క్ రాష్ట్రానికీ కలిపి 17 కోట్ల డాలర్లు కట్టడానికి గూగుల్, యూట్యూబ్ ఒప్పుకున్నాయి. దాంతో 2020 జనవరి నుంచి, తమ వీడియో పిల్లల కోసం చేసిందో కాదో తీసినవాళ్లే చెప్పాలన్న నియమం వచ్చింది. పిల్లల కోసమే అంటే కామెంట్లు ఉండవు, చూసేవాళ్ల అలవాట్లను బట్టి వేసే ప్రకటనలు ఉండవు. అంటే అది పిల్లల సమాచారాన్ని కాపాడే చట్టం కోసం పుట్టిన ముద్ర. వీడియో మంచిదని ఎవరో చూసి వేసిన ముద్ర కాదు. పైగా ఆ ముద్ర వేసుకుంటే ప్రకటనల ఆదాయం తగ్గే అవకాశముంది కాబట్టి, పిల్లలే ఎగబడి చూసే గేమింగ్ చానళ్లు ఎన్నో అది లేకుండానే నడుస్తుంటాయి.

ఇక నలభై నిమిషాల వీడియోని ఎలా పరీక్షించాలన్న దగ్గరికొద్దాం. నేను చేసిన పొరపాటు ముందు చెబుతాను. మావాడికి పదేళ్లప్పుడు ఒక చానల్‌కి నేను పాస్ మార్కులు వేశాను. మొదటి ఐదు నిమిషాలు చూశాను. కుర్రాడు నవ్వుతూ పలకరించాడు, వంతెన కట్టడం మొదలెట్టాడు, ఏ రాయి ఎందుకు వాడుతున్నాడో చక్కగా చెప్పాడు. ఇంకేం అనుకుని నా పని చూసుకోవడానికి వెళ్లిపోయాను. నెల రోజుల తర్వాత ఆ గదిలోంచి వెళ్తుంటే అదే గొంతు, గుక్కతిప్పుకోకుండా తిడుతోంది. ఇరవయ్యో నిమిషంలో వంతెన కూలిపోయిందట. మావాడు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. మొదటి ఐదు నిమిషాలు ఎవరైనా మంచివాళ్లేనండీ.

అందుకని వీడియో అంతా చూడక్కర్లేదు, ఆ మనిషి బయటపడే చోట్లు చూడండి. అన్నిటికన్నా ముందు, ఓడిపోయినప్పుడు. "అరెరె, మళ్లీ చేద్దాం" అంటాడా, కీబోర్డు విసిరికొడతాడా, తప్పంతా పక్కవాళ్ల మీదికి నెడతాడా? మీ బాబు చెల్లెలి దగ్గర ఓడిపోయినప్పుడు ఏం చేశాడో మీరే రాశారు. మాటే కాదు, ఆ మాట ఎప్పుడు అనాలో కూడా నేర్చుకున్నాడు. తర్వాత, ఆట సరిగ్గా రానివాళ్లు ఎదురైనప్పుడు. కొత్తవాణ్ని "నూబ్" అంటారు. ఆ మాట సరదాగా అనడం వేరు, ఆ కొత్తవాణ్ని పదినిమిషాలు వెంటాడి ఏడిపించడం వేరు. అవతల ఒక అమ్మాయి గొంతు వినబడితే ఇతని గొంతు మారుతుందేమో కూడా గమనించండి. వెకిలి మాటలు మొదలవుతాయా, మామూలుగానే ఆడతాడా? అబ్బాయిని పెంచుతున్న తల్లిగా మీకు ఇది చాలా ముఖ్యం.

బూతుల గురించి అందరికీ టెన్షన్ ఉంటుంది కానీ, అంతకన్నా నన్ను ఇబ్బంది పెట్టేవి వేరే ఉన్నాయి. స్నేహితుడు వారం రోజులు కష్టపడి కట్టుకున్న ఇంటిని అతను లేనప్పుడు పేల్చేయడం, అతను వచ్చి చూసి గొంతు పూడుకుపోతే పకపకా నవ్వడం, ఆ ఏడుపు మొహాన్నే పెద్దది చేసి వీడియో ముందు అట్ట మీద వేసుకోవడం. ఇలా ఇతరుల కట్టడాలు పాడుచేయడాన్ని ఆటగాళ్ల భాషలో గ్రీఫింగ్ అంటారు. ఒక్క బూతు ఉండదు, ఒక్క రక్తపు చుక్క ఉండదు. ఏ ఫిల్టరూ దీన్ని పట్టుకోలేదు, ఏ వయసు ముద్రా దీన్ని ఆపలేదు. కొన్నిసార్లు ఇద్దరూ ముందే మాట్లాడుకుని చేసిన నాటకమే అయ్యుంటుంది, అవతలివాడు కూడా నవ్వుతాడు. ఆ తేడా బాబుకి తెలుస్తోందో లేదో అడిగితే తెలుస్తుంది. ఎదుటివాడి ఏడుపే తమాషాగా నడిచే చానల్‌నీ, అప్పుడప్పుడు నోరుజారే చానల్‌నీ పక్కపక్కన పెట్టి ఒకటి తీసేయమంటే నేను మొదటిదే తీసేస్తాను. నోరుజారడం గురించి పిల్లలతో మాట్లాడి సర్దుకోవచ్చు. ఇది అలా సర్దుకునేది కాదు.

టైమ్ లేనివాళ్లకి రెండు చిట్కాలు. వీడియో కింద ఎర్ర గీత మీద వేలు పెడితే, బాగా చూసిన వీడియోలకి కొండల వరసలా ఒక గ్రాఫ్ కనిపిస్తుంది. జనం మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసిన చోట అది ఎత్తుగా లేస్తుంది. నేరుగా ఆ శిఖరం దగ్గరికే వెళ్లండి. అరుపులు, దెబ్బలు, అల్లరి, ఏదున్నా చాలాసార్లు అక్కడే ఉంటుంది. అక్కడ కూడా ఒక అందమైన కోట పూర్తయిన దృశ్యమే ఉందంటే ఆ చానల్ మీద నాకు గౌరవం పెరుగుతుంది. రెండో చిట్కా, వివరణలో కిందికి వెళ్తే వీడియోలో మాట్లాడిన మాటలన్నీ రాతలో కనిపించే ట్రాన్‌స్క్రిప్ట్ ఉంటుంది. నలభై నిమిషాల మాటల్ని నాలుగు నిమిషాల్లో కంటితో తిరగేయొచ్చు. ఇంగ్లిష్ వీడియోల్లో యూట్యూబ్ తనంతట తను రాసే అక్షరాల్లో బూతుమాట వచ్చిన చోట మాట బదులు బ్రాకెట్ల మధ్య ఖాళీ గీత పెడుతుంటుంది. ఆ ఖాళీ గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టుకోండి, అంతే. మెషిన్ రాత కాబట్టి కొన్ని తప్పిపోతాయి, కానీ మీకు కావాల్సింది అందాజా.

వీడియో చూడటం ఎంత ముఖ్యమో, వీడియో అయ్యాక బాబుని చూడటం అంత ముఖ్యం. ఆపాక పది నిమిషాలు గమనించండి. "అమ్మా, నీళ్ల కింద ఇల్లు ఎలా కట్టాడో తెలుసా" అని వెంటపడితే, కాగితం తీసి ఏదో గీస్తుంటే, ఆ వీడియో వాడికి ఏదో ఇచ్చింది. చెల్లెల్ని గిల్లడం, తలుపులు బాదడం, ఏ పనీ తోచక మళ్లీ టాబ్లెట్ చుట్టూ తిరగడం కనిపిస్తే ఆలోచించాలి. రెండు సెకన్లకో అరుపు, మూడు సెకన్లకో మెరుపు పెట్టి ఎడిట్ చేసే వీడియోలున్నాయి. వాటి తర్వాత ఇల్లంతా వాళ్లకి చప్పగా అనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: వీడియో మధ్యలో లాక్కుంటే దేవుడిలాంటి పిల్లాడైనా అరుస్తాడు. మంచి సినిమా క్లైమాక్స్‌లో టీవీ కట్టేస్తే మనం ఊరుకుంటామా? ఒక వీడియో పూర్తయ్యాక ఆపించి, అప్పుడు చూడండి.

స్కిన్ గురించి రాశారు. ఆటలో బొమ్మకి వేసే వేషాన్ని స్కిన్ అంటారు. అది ఉంటే ఆట బాగా ఆడగలగడం సాధారణంగా ఉండదు, చూడ్డానికి గొప్పగా ఉంటుందంతే. "ఆడట్లేదు, డబ్బు పెట్టట్లేదు" అన్న వాదన ఇక్కడే తేలిపోతుంది. చూడటమే అడగడం దాకా తెచ్చింది. చిన్నపిల్లలకి ప్రకటనకీ కబుర్లకీ తేడా తెలీదు, ముఖ్యంగా ప్రకటన చెప్పేది అన్న అయినప్పుడు. డబ్బు తీసుకుని చేసిన ప్రచారం ఉంటే వీడియో మొదట్లో "పెయిడ్ ప్రమోషన్" అని చిన్నగా వేయాలి. అందరూ నిజాయితీగా వేస్తారనుకోకండి. ఆట వస్తువులతో జూదమాడే ఒక వెబ్‌సైట్‌ని ఇద్దరు పేరున్న గేమింగ్ యూట్యూబర్లు తెగ పొగిడారు. ఆ సైటు వాళ్లదే! ఆ సంగతి చూసేవాళ్లకి చెప్పలేదు. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాళ్ల మీద చర్య తీసుకుంది.

ఇంకో రకం, పెట్టెలు తెరిచే వీడియోలు. లోపల ఏముందో తెలియని పెట్టెని డబ్బుపెట్టి కొంటారు, ఒక్కొక్కటీ తెరుస్తూ అరుస్తారు, అరుదైన వస్తువు తగిలితే కుర్చీలోంచి ఎగిరి గంతేస్తారు. లూట్ బాక్స్ అంటారు. కొన్ని ఆటల్లోని ఈ పెట్టెలు జూదం కిందికే వస్తాయని బెల్జియం 2018లోనే తేల్చింది. 2020 నుంచి పెగీ కూడా, ఇలాంటివి ఉన్న ఆటల మీద ఆ సంగతి విడిగా రాయిస్తోంది. వీడియోలో చూసే పిల్లాడికి గెలిచిన సంబరం మాత్రమే కనిపిస్తుంది, పోయిన డబ్బు తనది కాదు కాబట్టి తెలియదు. ఇలాంటివి ఉన్న చానల్ తొమ్మిదేళ్లవాడికి వద్దు. ఇక "ఉచితంగా రోబక్స్", "ఉచితంగా వీబక్స్" అని (ఇవి ఆటల్లో వస్తువులు కొనడానికి వాడే డబ్బు) ఊరించే వీడియోలు, వాటి కింద లింకులు పూర్తిగా మోసం. పాస్‌వర్డ్ అడుగుతాయి, లేదా ఫోన్‌లో ఏదో ఎక్కించమంటాయి. ఆ మాట కనబడితే వెంటనే మీకు చూపించమని బాబుకి చెప్పండి, తిట్టనని మాటివ్వండి. తిడతారని భయపడే పిల్లలే దాచిపెడతారు.

లైవ్ సంగతి వేరు. మామూలు వీడియోలో నోరుజారితే ఎడిటింగ్‌లో కోసేసే వీలుంది. లైవ్‌లో జారిన మాట జారినట్టే మీ ఇంట్లోకి వస్తుంది. పక్కన చాట్‌లో ఎవరెవరో ఏదేదో రాస్తుంటారు, చూసేవాడి కళ్లు సగం సేపు అక్కడే ఉంటాయి. డబ్బు కట్టి పంపిన మెసేజ్‌ని రంగు పెట్టి పైన చూపించే సూపర్ చాట్ 2017లో వచ్చింది. కట్టినవాళ్ల పేరు అన్న పైకి చదివి థ్యాంక్స్ చెబుతాడు. తన పేరు అన్న నోట వినాలని ఏ పిల్లాడికి ఉండదు? ఆపైన "మన డిస్కార్డ్‌లోకి రండి" అని పిలుపు. డిస్కార్డ్ అనేది గుంపులుగా మాట్లాడుకునే యాప్, 13 ఏళ్లలోపు పిల్లలకి అనుమతే లేదు. అక్కడికి వెళ్లాక మీ బాబు చూసేవాడు కాదు, ఎవరెవరితోనో మాట్లాడేవాడు అవుతాడు. "చూస్తున్నాడంతే కదా" అన్న మాట లైవ్‌కి అస్సలు వర్తించదని మీవారికి చెప్పండి.

ఇప్పుడు పాప. నీలం రంగు బొచ్చు, పొడుగాటి చేతులు, నోటినిండా సూది పళ్లు అయితే అది హగ్గీ వగ్గీ, 2021లో వచ్చిన పాపీ ప్లేటైమ్ అనే భయానక ఆటలోని బొమ్మ. చూడ్డానికి పిల్లల బొమ్మలాగే ఉంటుంది, అదే ఆ ఆట కిటుకు. మెత్తటి బొమ్మగా అంగళ్లలో కూడా అమ్మేయడంతో అది పిల్లల ఆటేనని చాలామంది తల్లిదండ్రులు పొరబడ్డారు. పాప భయానికి అదే కారణమని ఇక్కడినుంచి నేను చెప్పలేను, కానీ అనుమానించడం సబబే. "నీలం బొమ్మ అంటే భయమా?" అని మీరే పేరు అందించకండి, లేనిది కూడా తగులుకుంటుంది. "బాత్రూమ్‌లో ఏముంటుందనిపిస్తుంది?" అని అడిగి, బొమ్మ గీయమనండి. గీసినదే చెబుతుంది. బాబు హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాడు కదా అంటే, హెడ్‌ఫోన్స్ చెవులకే, పక్కనుంచి చూసే చెల్లెలి కళ్లకి అడ్డం రావు. అన్నకి థ్రిల్, చెల్లెలికి రాత్రంతా నరకం. ఐదేళ్ల పిల్లకి "అది నిజం కాదమ్మా" అని ఎంత చెప్పినా చీకట్లో పనిచేయదు. కొన్నాళ్లు తోడు వెళ్లండి, చిన్న లైటు వేసి ఉంచండి, ఆ వీడియోలు పాప ఉన్న గదిలోంచి పూర్తిగా తీసేయండి. కొన్ని వారాలైనా తగ్గకపోతే, పగలు కూడా బెదురుతుంటే, నిద్ర చెడుతుంటే పిల్లల డాక్టర్‌కి చూపించండి.

సెట్టింగులు కూడా సరిచేసుకోవాలి, పెద్ద పని కాదు. టాబ్లెట్‌లో మీ అకౌంట్‌తోనే చూస్తున్నాడనుకుంటాను. అలా అయితే యూట్యూబ్ వాణ్ని పెద్దవాడనే అనుకుంటుంది. మీ అకౌంట్ కింద బాబుకి పర్యవేక్షణ అకౌంట్ ఒకటి తెరవండి. అందులో మూడు మెట్లుంటాయి, తొమ్మిదేళ్లవాడికి మొదటి మెట్టే, 9 ఏళ్లు నిండినవాళ్లదే, ఎంచుకోండి. అక్కడినుంచి చానళ్లని బ్లాక్ చేయొచ్చు, ఏం చూశాడో చూడొచ్చు. పాపకి యూట్యూబ్ కిడ్స్ యాప్ పెట్టి, మీరు ఎంపిక చేసిన వీడియోలు మాత్రమే కనిపించేలా చేయండి. ఒకటి అవగానే ఇంకోటి దానంతటదే మొదలయ్యే ఆటోప్లేని ఇద్దరికీ ఆపేయండి. షార్ట్స్ అనే చిట్టి వీడియోల్ని మాత్రం ఎంత జల్లెడ పట్టినా లాభం లేదు. వేలు పైకి జరిపితే ఏమొస్తుందో ఎవరికీ తెలీదు, కాబట్టి వద్దని చెప్పడమే సులువు. సెట్టింగులు ఎన్ని పెట్టినా ఏదో ఒకటి దూరుతుంది, మెషిన్లే కదా. మీ కన్ను ఉండాల్సిందే.

ఆ కన్ను దొంగచూపు కాకుండా చూసుకోండి. బాబు లేనప్పుడు హిస్టరీ తవ్వి, రాత్రి కోర్టు పెడితే ఒకటే నేర్చుకుంటాడు, హిస్టరీ చెరపడం. వారానికి రెండుసార్లు పక్కన కూర్చోండి, పదిహేను నిమిషాలు చాలు. పోలీసులా కాదు, ఏమీ తెలియని శిష్యురాలిలా. "నాన్నా, ఈయన ఇప్పుడెందుకంత అరిచాడు?" "ఆ ఇల్లు పేలిపోయినబ్బాయి నవ్వుతున్నాడా, ఏడుస్తున్నాడా?" "ఇది కొనుక్కోమని ఎందుకు చెబుతున్నాడంటావ్?" అని అడగండి. పాఠాలు చెప్పకండి, జవాబు వినండి. పిల్లలకి ఇందులో చాలా తెలుస్తుంది, మనం అడగం అంతే. కొత్త చానల్ ఏదైనా మొదటి రెండు వీడియోలు మీ పక్కనే చూడాలని ఒక ఒప్పందం పెట్టుకోండి. "అందరూ చూస్తున్నారు" అంటే, "సరే, మనమూ చూద్దాం, నాతో కలిసి" అనండి. సగం చానళ్లు అమ్మ పక్కనుంటే వాళ్లకే బోరు కొడతాయి, లేకపోతే సిగ్గేస్తుంది. వాడు మీ మొహం వంక చూసి వీడియో ముందుకి జరిపాడంటే, అక్కడ ఏముందో వాడికి ముందే తెలుసన్నమాట.

బూతుమాటకి పెద్ద రాద్ధాంతం చేయకండి. దాని అర్థం తెలుసా అని అడగండి. చాలావరకు తెలియదు. తెలియకపోతే వాడి వయసుకి తగ్గట్టు చెప్పండి, చెల్లెలి మీద అన్నందుకు చెల్లెలికి సారీ చెప్పించండి. మళ్లీ ఓడినప్పుడు ఏమంటే బాగుంటుందో వాణ్నే ఒక మాట కనిపెట్టమనండి. పిల్లలు ఇలాంటివి భలే కనిపెడతారు. మావాడు ఏడాదిపాటు ఓడినప్పుడల్లా "బండ చారు" అని అరిచాడు. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

మీరు రాసినంతలో నా లెక్క ఇది. నీలం బొమ్మ ఇప్పుడే ఆపేయండి, పాప కోసమని బాబుకి చెప్పే ఆపండి. తనకి శిక్ష పడిందనుకోడు, అన్నగా బాధ్యత అనుకుంటాడు. సూపర్ హీరో కార్లవి మీరు పక్కన ఉన్నప్పుడే, ఆటోప్లే లేకుండా. ఇళ్లు కట్టే అన్న మామూలు వీడియోల్లో ఓ నాలుగింటికి ఆ గ్రాఫ్ శిఖరాలు, ఓడిపోయిన చోట్లు చూడండి. అక్కడ మనిషి పరవాలేదనిపిస్తే వాటిని ఉంచండి, ఇష్టమైనదాన్నంతా ఒక్కసారిగా లాగేయడం మంచిది కాదు. రాత్రి లైవ్ మాత్రం ఇక లేదు. బూతు అక్కడిదే అయ్యుంటుందని నా అనుమానం. మొదటి వారం గొడవ చేస్తాడు. చాలామంది లైవ్‌లోని మంచి ముక్కల్ని కోసి తర్వాత వీడియోగా పెడుతుంటారు, ఆ చానల్ కూడా పెడుతుందేమో బాబుతోనే వెతికించండి. పెడుతుంటే, శనివారం పొద్దున్నే ఇద్దరూ కలిసి చూడొచ్చు.